సిరామిక్ హీటర్‌తో మూడేళ్లు: కోడిపిల్లల బ్రూడర్ మీద నా అనుభవం

బెంగళూరు కె.ఆర్.పురం పక్కన మా ఇంటి మేడ మీద కోళ్లు పెంచుతున్నాను. బ్రూడర్ (తల్లికోడి లేని పిల్లల్ని వెచ్చగా ఉంచే చోటు) కోసం 100 వాట్ల సిరామిక్ హీటర్ (బల్బులా హోల్డర్‌కి బిగించేది), దానికో థర్మోస్టాట్ (వేడి చాలగానే హీటర్‌ను ఆపేసే పరికరం) కొని మూడేళ్లయింది, ఆరు విడతల పిల్లలు దాని కిందే పెరిగాయి. కొనాలా వద్దా అంటే, కొనండి. కానీ వేలాడదీసేసి హాయిగా నిద్రపోవచ్చు అనుకుంటే మాత్రం వద్దు.

అంతకుముందు మామూలు 100 వాట్ల బల్బే వాడేదాన్ని. డిసెంబర్‌లో ఒక రాత్రి అది మాడిపోయింది, బయట 15 డిగ్రీల చలి. తెల్లారి చూస్తే 20 పిల్లలూ అట్టపెట్టె మూలకు చేరి ఒకదాని మీద ఒకటి ఎక్కేసి ఉన్నాయి, అడుగున పడ్డ నాలుగు ఊపిరాడక చచ్చిపోయాయి. రెండు రోజులు అన్నం సయించలేదు నాకు. ఆ తర్వాత మళ్లీ పెట్టె జోలికి పోలేదు. పలచటి రేకును గుండ్రంగా వంచి కట్టాను, ఇరుక్కోవడానికి మూలే లేకుండా.

మదనపల్లెలో ఉండే మా అమ్మ ఫోన్‌లో ఒకటే మాట అంది: "పెట్ట రెక్కల కింద చీకటే కదే ఉండేది, రాత్రంతా లైటేస్తే అవి ఎట్లా పడుకుంటాయి?" సిరామిక్ హీటర్ గొప్పదనమంతా అదే. వెలుగుండదు, వేడి మాత్రమే. బల్బు కింద పెరిగినప్పుడు ఒకదాని ఈకలు ఒకటి పొడుచుకునేవి, ఇప్పుడది బాగా తగ్గింది. కాకపోతే మొదటి రెండు మూడు రోజులు మేత, నీళ్లు కనబడాలి కాబట్టి పక్కన చిన్న ఎల్ఈడీ పెడతాను, నీళ్ల మూతలో గులకరాళ్లు వేస్తాను, లేకపోతే అంత చిన్న పిల్ల అందులోనే మునిగిపోతుంది.

ఇక ఇబ్బందులు. దీనికి పింగాణీ హోల్డరే కావాలి. నాకు షాపతను ప్లాస్టిక్‌ది ఇచ్చాడు, ఒక్క పూటకే మెత్తబడి కాలిన వాసన వచ్చింది, కింద ఎండు ఊక ఉంది, తలచుకుంటే ఇప్పటికీ గుండె దడ. అప్పటినుంచి హోల్డర్‌ని పట్టి ఉంచే క్లిప్పును నమ్మను, ఇనుప గొలుసుతో పై కడ్డీకి కట్టి, తెగినా పడకుండా ఇంకో తీగ కూడా కడతాను. రెండోది, వెలుగు లేదు కాబట్టి అది పనిచేస్తోందో లేదో చూస్తే తెలియదు. తాకకుండా కింద చెయ్యి పెట్టి, వేడి తగులుతోందో లేదో చూడాల్సిందే.

థర్మోస్టాట్ సెన్సర్ పిల్లల వీపు ఎత్తులో ఉండాలి. నేను మొదట్లో పైన వేలాడదీస్తే అక్కడ 35 చూపించేది, కింద పిల్లలేమో వణికేవి. మొదటి వారం 35 డిగ్రీలు, తర్వాత వారానికి మూడేసి తగ్గిస్తాను. అయినా అంకెకంటే పిల్లల్నే నమ్ముతాను. హీటర్ కింద ముద్దగా చేరి సన్నగా, గట్టిగా అరుస్తుంటే చలి. అంచులకు పోయి రెక్కలు దూరంగా పెట్టి నోరు తెరిచి రొప్పుతుంటే వేడెక్కువ. సరిపోయిందంటే చెల్లాచెదురుగా, కాళ్లు బారజాపి, మెడ ఊక మీద వాల్చి పడుకుంటాయి. మొదటిసారి చూసినవాళ్లు చచ్చిపోయాయేమో అని టెన్షన్ పడతారు, వేలితో తాకితే కళ్లు తెరిచి చిన్నగా గుసగుసలాడి మళ్లీ పడుకుంటాయి. ఆ శబ్దం కోసమే నేను పడుకునే ముందు ఒకసారి మేడెక్కుతాను.

కరెంటు ఖర్చు, ఆపకుండా వేసినా రోజుకు 2.4 యూనిట్లు, థర్మోస్టాట్ ఉంటే అంతకంటే తక్కువే. కరెంటు పోతే మాత్రం ఇది ఇనుప ముద్దతో సమానం. మా యూపీఎస్ లైన్‌కి కలిపాను. అది లేనివాళ్లు సీసాల్లో వేన్నీళ్లు పోసి గుడ్డ చుట్టి పిల్లల మధ్య పెట్టండి, చల్లారగానే మార్చండి. పైన అరంగుళం ఇనుప వల తప్పనిసరి, మా వీధి పిల్లులు గోడ దూకి వస్తాయి.

ప్రస్తుతం 15 గిరిరాజ జాతి పిల్లలున్నాయి, నాలుగో వారం. ఎండ బాగా ఉన్న పగళ్లలో హీటర్ ఆపేస్తున్నాను, రాత్రికి ఇంకా వేస్తున్నాను. రెక్కల మీద ఈకలు వచ్చేశాయి, మెడ మీద ఇంకా నూగే ఉంది.