‘120 ఎఫ్‌పీఎస్ గ్యారంటీ’ చూసి డబ్బు కట్టకండి: విశాఖలో గేమింగ్ పీసీ కొనేవారికి హెచ్చరిక

విశాఖలో తక్కువ ఖర్చుతో గేమింగ్ కంప్యూటర్ కొనాలనుకుంటున్నవారు, ఇప్పటికే కొని ‘ఆట ఆగి ఆగి నడుస్తోంది’ అంటూ మళ్లీ దుకాణం మెట్లు ఎక్కబోతున్నవారు ముందు ఇది చదవండి. ఆ తడబాటుకు చాలాసార్లు మందు ఒకటే: ఫ్రేముల సంఖ్యకు, అంటే కంప్యూటర్ సెకనుకు గీసే బొమ్మల సంఖ్యకు (దాన్నే ఎఫ్‌పీఎస్ అంటారు), పరిమితి పెట్టడం. దానికి పైసా ఖర్చు లేదు. ఆ మాట చెప్పకుండా మా బాబాయి దగ్గర ‘ట్యూనింగ్’ పేరుతో 1,500 రూపాయలు తీసుకున్నారు. చాలదన్నట్టు ఆట బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డు, అదీ నాసిరకంది, కూడా అంటగట్టబోయారు.

దుకాణం ఆర్టీసీ కాంప్లెక్స్‌కు మరీ దూరం కాదు. పేరు రాయడం లేదు, ఎందుకంటే ఈ బాణీ ఆ ఒక్కరిదే కాదు. గాజువాకలో ఉండే మా బాబాయి కొడుకు బీటెక్ చదువుతున్నాడు. వాడి కోసం కొన్న యంత్రంలో రైజెన్ 5 5600జీ ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, 60 హెర్ట్జ్ మానిటర్ ఉన్నాయి. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు, ప్రాసెసర్‌లో ఉన్నదే దిక్కు. ఆ ధరకు ప్రాసెసర్ మంచిదే, దాన్ని తప్పుపట్టను. తప్పంతా అమ్మిన తీరులో ఉంది.

“అన్నా, 120 ఎఫ్‌పీఎస్‌కు నాది హామీ” అన్నాడట కౌంటర్ దగ్గరి కుర్రాడు. తెర మూలన ఆకుపచ్చ అంకె 130 దాటి కనిపించిందని మా తమ్ముడు సంబరంగా ఫోనులో తీసిన వీడియో నాకు పంపాడు. జాగ్రత్తగా చూస్తే సంగతి బయటపడింది. ఆటలోని మనిషిని ఒక గోడకు అభిముఖంగా నిలబెట్టి ఉంచారు. గోడ తప్ప గీయాల్సింది ఏమీ లేనప్పుడు ఏ యంత్రమైనా వంద దాటుతుంది. ఒకసారి కెమెరాను ఆకాశం వైపు తిప్పారు, అంకె ఇంకా పెరిగింది. జనం, వాహనాలు ఉన్న వీధిలోకి మాత్రం వీడియో అయిపోయేదాకా అడుగు పెట్టలేదు.

అసలు 60 హెర్ట్జ్ మానిటర్ సెకనుకు చూపగలిగేది 60 బొమ్మలే. యంత్రం 130 తయారుచేసినా మిగతావి పూర్తిగా కంటికి చేరవు, లేదా ఒక బొమ్మ పైసగం, మరో బొమ్మ కిందిసగం కలిసి తెర అడ్డంగా చీలినట్టు కనిపిస్తుంది. ఆ పని కోసం ప్రాసెసర్ చిప్ మాత్రం పూర్తి శక్తితో నడుస్తుంది, కరెంటు తాగుతుంది, వేడెక్కుతుంది. మన ఊరి మే నెల ఉక్కపోతలో ముందు వైపంతా అద్దంతో మూసేసిన రంగుదీపాల క్యాబినెట్‌లో ఆ వేడి ఎటు పోతుంది? ఒక హద్దు దాటాక చిప్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. అప్పుడే ఆట కుంటడం మొదలవుతుంది.

ఇంటికి తెచ్చాక జరిగింది అదే. ఖాళీ మైదానంలో 90, సంతలోకి వెళ్లగానే 38, మళ్లీ 70. సగటు తీస్తే 60కి పైనే వస్తుంది, చూస్తే మాత్రం తలనొప్పి. గంటకు ఆరు సిటీ బస్సులు వస్తాయని చెప్పి, ఆరూ ఒకేసారి వచ్చి వెళ్లిపోతే స్టాపులో నిలబడ్డవాడికి సగటుతో ఏం పని? కంటికి కావలసింది బొమ్మకూ బొమ్మకూ మధ్య సమానమైన వ్యవధి. సెకనుకు 60 అంటే ఒక్కో బొమ్మకు 16.7 మిల్లీసెకన్లు, 30 అంటే 33.3. ఒకటి 9 మిల్లీసెకన్లకు, తరువాతిది 40కి వస్తే, సగటు ఎంత గొప్పగా ఉన్నా చేతికి కుదుపు తెలుస్తుంది.

దుకాణానికి వెళ్లి చెబితే ముందు ‘ట్యూనింగ్’ అన్నారు. డబ్బు తీసుకుని ‘బూస్టర్’ అనే ప్రోగ్రామ్ ఎక్కించి పంపారు. నేను తెరిచి చూస్తే జరిగిన మార్పులు రెండే. విండోస్ పవర్ ప్లాన్‌ను అత్యధిక శక్తికి మార్చారు. దానితో పాటు వైరస్‌ల నుంచి కాపాడే డిఫెండర్ నిరంతర రక్షణను ఆపేశారు. ఇది ఊరికే పోనివ్వాల్సిన విషయం కాదు. అదే కంప్యూటర్‌లో బాబాయి బ్యాంకు పనులు కూడా చేసుకుంటారు! మీరూ ఎక్కడైనా ఇలాంటి సేవ చేయించుకుని ఉంటే, ఇంటికి రాగానే ముందు విండోస్ సెక్యూరిటీ తెరిచి ఆ రక్షణ పనిచేస్తోందో లేదో చూసుకోండి.

కుదుపు తగ్గలేదని రెండోసారి అడిగితే “ప్రాసెసర్ బలం చాలదు సార్, కార్డు వేయించండి” అంటూ జీటీ 1030 అనే గ్రాఫిక్స్ కార్డు పెట్టె బయటకు తీశారు. పెట్టె మీద ఒక మూల చిన్న అక్షరాలతో డీడీఆర్4 అని ఉంది, అది కార్డులోని మెమరీ రకం. ఇక్కడ కాస్త ఆగండి. జీటీ 1030 పేరుతో రెండు కార్డులున్నాయి. 2017లో వచ్చింది జీడీడీఆర్5 మెమరీతో, సెకనుకు 48 జీబీ సమాచారాన్ని అందించే వేగంతో (బ్యాండ్‌విడ్త్) వచ్చింది. 2018లో అదే పేరుతో వచ్చిన డీడీఆర్4 రకానిది 17 జీబీకి లోపే, అంటే దాదాపు మూడో వంతు. పేరు ఒకటే కావడంతో కౌంటర్ దగ్గర తేడా ఎవరూ చెప్పరు. ఈ ప్రాసెసర్‌లో ఇప్పటికే ఉన్న గ్రాఫిక్స్ మీద ఆ డీడీఆర్4 కార్డు వేయడం డబ్బిచ్చి వెనక్కి నడవడమే. బాబాయి అప్పటికే పర్సు తీశారట. తమ్ముడు నాకు ఫోన్ చేయబట్టి ఆగింది.

సరే, ఇంటి దగ్గర మేం చేసింది చెబుతాను. ఆటలోనే ఫ్రేమ్ పరిమితి పెట్టే సెట్టింగ్ ఉంటే ముందు దాన్నే వాడండి. మౌస్ కదలికకూ తెరకూ మధ్య ఆలస్యం సాధారణంగా దానితోనే తక్కువగా ఉంటుంది. లేకపోతే రివాట్యూనర్ స్టాటిస్టిక్స్ సర్వర్ అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంది, ‘ఫ్రేమ్‌రేట్ లిమిట్’ గడిలో అంకె కొడితే చాలు. ఇది గ్రాఫిక్స్ కార్డును సర్దుకునే ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే ప్రోగ్రామ్‌తో కలిసి వస్తుంది. దీన్ని అసలు సైటు నుంచే దించుకోండి, ఆఫ్టర్‌బర్నర్ పేరుతో నకిలీ సైటు పెట్టి వైరస్ పంచుతున్నారని 2021లో ఎంఎస్ఐ కంపెనీయే హెచ్చరించింది. ఎన్‌విడియా కార్డు ఉన్నవారికి 2020 జనవరి డ్రైవర్ నుంచి కంట్రోల్ ప్యానెల్‌లోనే ‘మ్యాక్స్ ఫ్రేమ్ రేట్’ ఉంది. ఏఎండీ వారికి ఇదే పనికి రేడియాన్ చిల్ అనే సెట్టింగ్ ఉంది.

ఏ అంకె పెట్టాలన్నదే అసలు చిక్కు. 60 హెర్ట్జ్ తెరకు 60 లేదా 30 కుదురుతాయి. యంత్రం 45 దాకా లాగగలదు కదా అని 45 పెడితే కొన్ని బొమ్మలు తెర మీద ఒక విడత, కొన్ని రెండు విడతలు నిలుస్తాయి, కుదుపు మళ్లీ మొదటికొస్తుంది. కాబట్టి ఆటలో జనం కిటకిటలాడే చోటుకు వెళ్లి చూడండి, ఆకాశం వైపు కాదు. అక్కడ 60 నిలవకపోతే ముందు నీడలు, రిజల్యూషన్ తగ్గించండి. అప్పటికీ నిలవకపోతే 30కి కట్టేయండి. 30 అనగానే కుర్రాళ్లు మొహం చిట్లిస్తారు. కథ నడిచే ఆటల్లో స్థిరమైన 30, ఎగిరిపడే 55 కన్నా హాయిగా ఉంటుందని చూసినవారికే తెలుస్తుంది. పోటీ షూటింగ్ ఆటలకు మాత్రం 30 పనికిరాదు. అక్కడ బొమ్మల నాణ్యత తగ్గించి 60 సాధించాల్సిందే. ఫ్రీసింక్ (తెర వేగాన్ని ఫ్రేముల వేగానికి సరిపెట్టే సదుపాయం) ఉన్న 75 హెర్ట్జ్ మానిటర్ అయితే 72 దగ్గర కట్టండి, అలాంటి చవక మానిటర్లలో ఆ సదుపాయం చాలావాటికి 48కి దిగువన పనిచేయదని గుర్తుంచుకోండి.

పరిమితి పెడితే ఫ్రేములు పెరగవు, అది ఏ మంత్రమూ కాదు. మా వాడి యంత్రానికి నిజంగా బలం తెచ్చింది రెండో 8 జీబీ ర్యామ్ స్టిక్. విడి కార్డు లేని యంత్రంలో గ్రాఫిక్స్ కూడా ర్యామ్‌నే వాడుకుంటాయి. ఒకే స్టిక్ ఉంటే సగం దారి మూసినట్టే. 5600జీ అమ్ముతూ ఒకే స్టిక్ పెట్టి ‘గేమింగ్ పీసీ’ అని బోర్డు పెట్టడం ఏం న్యాయమో వారికే తెలియాలి.

‘పరిమితి ఎందుకు, యంత్రం ఎంత లాగితే అంత లాగనీ’ అనేవారికి ఒక సంగతి. 2010లో స్టార్‌క్రాఫ్ట్ 2 అనే ఆట మెనూ తెరలు హద్దు లేకుండా ఫ్రేములు గీస్తూ కార్డులను వేడెక్కిస్తున్నాయని ఫిర్యాదులొస్తే, తయారీ సంస్థే ఫ్రేములకు పరిమితి పెట్టే రెండు వరుసలను సెట్టింగుల ఫైలులో రాసుకోమని చెప్పింది. 2021 జూలైలో న్యూ వరల్డ్ అనే ఆట పరీక్షా దశలో కొన్ని ఆర్‌టీఎక్స్ 3090 గ్రాఫిక్స్ కార్డులు చచ్చిపోయాయి. ఆ కార్డుల్లో తయారీ లోపం ఉన్నట్టు తరువాత తేలినా, ఆట వారు మెనూలో పరిమితి పెట్టక తప్పలేదు.

ట్యూనింగ్ డబ్బు తిరిగి అడిగితే బిల్లు కింది వరుస చూపించారు: ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’. ఆ వరుసకు భయపడకండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం లోపమున్న సరుకును, బిల్లులో గడువు రాసి ఉంటే ఆ గడువులోగా, లేకుంటే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకోననడం అనుచిత వ్యాపార పద్ధతి. బిల్లు ఇవ్వకపోవడమూ అంతే. ట్యూనింగ్ సొమ్ముకు వారు బిల్లే ఇవ్వలేదు, అయినా ఫోన్ ద్వారా కట్టిన రుజువు ఉంది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాం. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు, 5 లక్షల లోపు విలువకు అక్కడ దాఖలు రుసుము లేదు.

కొత్తగా కొనేవారు 120 అన్న హామీ వింటే, ఏ ఆటలో, ఏ రిజల్యూషన్‌లో, ఏ సెట్టింగ్ మీద అని అడిగి బిల్లు మీదే రాయించుకోండి. మాకు చెప్పిన కుర్రాడిని రాసిమ్మంటే ‘ఓనర్ గారిని అడగాలి’ అన్నాడు.