షెల్ చేతికా, నేరుగానా, క్యూలోకా? వెబ్ స్క్రిప్టు నుంచి బయటి ప్రోగ్రామ్ నడపడానికి ఏది మేలు?

ఫొటో అప్‌లోడ్ అవగానే దాన్ని చిన్నది చేయాలి. వీడియోను వేరే ఫార్మాట్‌లోకి మార్చాలి. డాక్యుమెంటును పీడీఎఫ్ చేయాలి. ఇవన్నీ వెబ్ స్క్రిప్టుల భాష పీహెచ్‌పీలో మొదటి నుంచి రాస్తూ కూర్చోనక్కర్లేదు. ఇమేజ్‌మ్యాజిక్, ఎఫ్ఎఫ్ఎంపెగ్, లిబ్రేఆఫీస్ లాంటివి సర్వర్లో పెట్టుకుని పిలిస్తే సరిపోతుంది. పిలవడానికి పీహెచ్‌పీ అరడజను పైగా దారులు ఇచ్చింది. చాలామంది ముందు వాడేది షెల్_ఎగ్జెక్ ఫంక్షన్. అది కమాండ్‌ను షెల్‌తో, అంటే టైపు చేసిన కమాండ్లను చదివి నడిపే ప్రోగ్రామ్‌తో, నడిపిస్తుంది. నన్నడిగితే, అన్ని దారులూ చూశాక చివరగా ఆలోచించాల్సింది అదే.

దాని ఆకర్షణ తెలిసిందే. కమాండ్ ఒక స్ట్రింగుగా ఇస్తే, అవుట్‌పుట్ మొత్తం మరో స్ట్రింగుగా తిరిగొస్తుంది. బ్యాక్‌టిక్కుల మధ్య రాసినా జరిగేది ఇదే. చిక్కల్లా పని చెడినప్పుడే. కమాండ్ విఫలమైనా నల్ (ఏమీ లేదన్న విలువ) వస్తుంది, పని సవ్యంగా జరిగి ప్రోగ్రామ్ ఏమీ ప్రింట్ చేయకపోయినా నల్ వస్తుంది. ఎగ్జిట్ కోడ్ (ముగిసేటప్పుడు ప్రోగ్రామ్ తన ఫలితం చెప్పే అంకె) అడిగే వీలే లేదు. ఫొటోలు మార్చే ప్రోగ్రాములు పని బాగా జరిగితే నోరు మెదపవు కాబట్టి, ఈ ఫంక్షన్‌తో గెలుపూ ఓటమీ ఒకేలా కనిపిస్తాయి. ఎర్రర్ సందేశం కూడా ఆ స్ట్రింగులోకి రాదు. ఎర్రర్ స్ట్రీమును (ఎర్రర్ సందేశాలు వెళ్లే విడి దారిని) అవుట్‌పుట్‌లోకి మళ్లిస్తే తప్ప అది వెబ్ సర్వర్ లాగులోకో, ఎటూ కాకుండానో పోతుంది.

ఎగ్జెక్ ఇంతకంటే చాలా నయం. రెండో ఆర్గ్యుమెంటులో లైన్లు, మూడో ఆర్గ్యుమెంటులో ఎగ్జిట్ కోడ్ వస్తాయి. 127 అంటే కమాండ్ దొరకలేదు. 126 అంటే దొరికింది కానీ నడపడానికి అనుమతి లేదు. 137 అంటే సిగ్‌కిల్ (బలవంతంగా చంపే సంకేతం) తగిలి చచ్చింది. పెద్ద ఫొటో మీద ఇలా జరిగితే మెమరీ చాలక ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నెల్ చంపేసిందేమో ముందు చూడాలి. టెర్మినల్లో చక్కగా నడిచే కమాండ్ వెబ్‌లో 127 ఇస్తుంటే కంగారు పడక్కర్లేదు. అక్కడ నడుపుతున్నది మీరు కాదు, వెబ్ సర్వర్ యూజర్. వాడి పాత్ (ప్రోగ్రాముల కోసం వెతికే ఫోల్డర్ల జాబితా) వేరు, హోమ్ ఫోల్డర్ వేరు, అనుమతులు వేరు. ప్రోగ్రామ్ ఏ ఫోల్డర్లో ఉందో పూర్తిగా రాస్తే సగం కేసులు అక్కడే తేలిపోతాయి. ఇంకొకటి: లూపులో ఒకే అర్రేను (జాబితాను) మళ్లీ మళ్లీ ఇస్తే, ఎగ్జెక్ పాత లైన్లను తుడవదు, వాటి కిందే కొత్తవి చేరుస్తుంది.

సిస్టమ్, పాస్‌త్రూ అవుట్‌పుట్‌ను నేరుగా బ్రౌజరుకు పంపేస్తాయి. తయారైన బొమ్మను అలాగే పంపాలంటే పాస్‌త్రూ పనికొస్తుంది. అంతకు మించి వాటి అవసరం పెద్దగా పడదు.

ఇప్పటిదాకా చెప్పిన వాటన్నిటికీ ఉమ్మడి జబ్బు ఒకటుంది: మీరిచ్చిన లైను ముందు షెల్ చేతికి వెళ్తుంది. యూజర్ పంపిన ఫైలు పేరులో ఖాళీ ఉంటే షెల్ దాన్ని రెండు ఆర్గ్యుమెంట్లుగా విరుస్తుంది. సెమీకోలన్ ఉంటే దాని తర్వాతిది కొత్త కమాండ్ అవుతుంది. దీనికి మందు ఆర్గ్యుమెంటును కొటేషన్ గుర్తుల్లో చుట్టి ఇచ్చే ఎస్కేప్‌షెల్‌ఆర్గ్ ఫంక్షన్, నిజమే. అయితే తెలుగులో పేర్లు పెట్టుకునే మనలాంటివాళ్లు దాని సంగతి ఒకటి తప్పక తెలుసుకోవాలి. పీహెచ్‌పీ నడుస్తున్న లొకేల్ (భాష, అక్షరాల సెట్టింగు) 'సి' అయితే, ఆ ఫంక్షన్ ఆస్కీకి, అంటే ఇంగ్లిష్ అక్షరాల పట్టికకు, బయటున్న అక్షరాలను చడీచప్పుడు లేకుండా తీసేస్తుంది. 'పాత ఫొటో' అనే పేరుతో వచ్చిన ఫైలుకు చివరికి మిగిలేది ఒక ఖాళీ, ఒక చుక్క, ఎక్స్‌టెన్షన్. ప్రోగ్రామ్ 'అలాంటి ఫైలు లేదు' అంటుంది. ఫోల్డర్లో చూస్తే ఫైలు ఉంటుంది! కాల్ చేసే ముందు సెట్‌లొకేల్‌తో యూటీఎఫ్-8 లొకేల్ పెట్టుకోవాలి.

మొత్తం కమాండ్‌లోని షెల్ ప్రత్యేక గుర్తులను అడ్డుకునే ఎస్కేప్‌షెల్‌సీఎండీ అనే రెండోదాన్ని దీని మీద మళ్లీ కప్పితే రక్షణ రెట్టింపవుతుందనుకోవద్దు. రెండూ కలిసి ఒకదాని కొటేషన్ గుర్తులను మరొకటి చెడగొడతాయి. 2016 డిసెంబరులో ఈమెయిళ్లు పంపే పీహెచ్‌పీమెయిలర్ లైబ్రరీలో బయటపడ్డ లోపానికి వచ్చిన మొదటి సవరణ నిలబడకపోవడానికి కారణం సరిగ్గా ఇదే.

నేను ఎంచుకునేది ప్రాక్_ఓపెన్ ఫంక్షన్, అందులోనూ కమాండ్‌ను స్ట్రింగుగా కాక అర్రేగా ఇచ్చే పద్ధతి. పీహెచ్‌పీ 7.4 నుంచి ఇది ఉంది. అర్రే ఇస్తే లినక్సులో షెల్ మధ్యలోకి రానే రాదు. ఒక్కో అంశం ఒక్కో ఆర్గ్యుమెంటుగా నేరుగా ప్రోగ్రామ్‌కు చేరుతుంది. ఖాళీలున్నా, సెమీకోలన్లున్నా, తెలుగు అక్షరాలున్నా ఉన్నవి ఉన్నట్టే వెళ్తాయి. కొటేషన్ గుర్తుల గొడవ మొత్తం పోయింది. ఇంకో లాభం ఆలస్యంగా అర్థమవుతుంది: మధ్యలో ఆపాలనుకుని టర్మినేట్ చేస్తే అసలు ప్రోగ్రామే ఆగుతుంది. స్ట్రింగు పద్ధతిలో ఒక్కోసారి షెల్ చచ్చి, అది పుట్టించిన ప్రోగ్రామ్ వెనకాల నడుస్తూనే ఉంటుంది.

ఇందులోనూ మూడు విషయాలు చూసుకోవాలి. మొదటిది, పేరు హైఫన్‌తో మొదలైతే ప్రోగ్రామ్ దాన్ని ఆప్షన్ అనుకుంటుంది. షెల్ లేకపోయినా ఈ ప్రమాదం పోదు. యూజర్ ఇచ్చిన పేరును డేటాబేసులో దాచి, డిస్కు మీద మీరు తయారుచేసిన పేరు వాడితే దీని పీడ వదులుతుంది. రెండోది, ప్రోగ్రామ్ అవుట్‌పుట్‌ను స్క్రిప్టుకు చేర్చే పైపులు. లినక్సులో ఒక పైపు మామూలుగా 65,536 బైట్లు పడుతుంది. ఎఫ్ఎఫ్ఎంపెగ్ తన పురోగతి అంతా ఎర్రర్ స్ట్రీములో రాస్తుంది. మీ స్క్రిప్టు అవుట్‌పుట్ పైపు ముగిసేదాకా చదువుతూ కూర్చుంటే, ఈలోగా ఎర్రర్ పైపు నిండిపోతుంది. అటు ప్రోగ్రామ్ రాయలేక ఆగుతుంది, ఇటు స్క్రిప్టు చదువుతూ ఎదురుచూస్తుంది, ఇద్దరూ కదలరు. చిన్న వీడియోతో పరీక్షించినప్పుడు అంతా బాగానే ఉంటుంది, పెద్దది రాగానే బిగుసుకుంటుంది. ఎర్రర్ స్ట్రీమును పైపుకు బదులు ఫైలుకు ఇచ్చేస్తే సరి. మూడోది, విండోస్ సర్వర్. అక్కడ బ్యాచ్ ఫైళ్లను నడిపేటప్పుడు అర్రే పద్ధతినీ దాటిపోయే లోపం 2024లో బయటపడింది, కాబట్టి పీహెచ్‌పీని అప్‌డేట్ చేసుకోవాలి. ఇంత చేత్తో రాయడం బరువనిపిస్తే సింఫనీ ప్రాసెస్ లైబ్రరీ వీటిలో చాలా భాగం చూసుకుంటుంది, టైమౌట్‌తో సహా.

అసలు బయటి ప్రోగ్రామ్ ఎందుకు, ఇమేజ్‌మ్యాజిక్‌ను పీహెచ్‌పీ లోపలికే తెచ్చే ఇమాజిక్ లాంటి ఎక్స్‌టెన్షన్ వాడొచ్చు కదా అంటారు కొందరు. చిన్న పనులకు అదే మేలు, కొత్త ప్రాసెస్ పుట్టించే ఖర్చుండదు. కానీ ఎక్స్‌టెన్షన్ వాడితే షెల్ బెడద తీరినట్టేనని మాత్రం అనుకోలేం. 2016 మేలో బయటపడ్డ ఇమేజ్‌ట్రాజిక్ లోపంలో తప్పు ఇమేజ్‌మ్యాజిక్ లోపలే ఉంది: కొన్ని ఫార్మాట్ల కోసం అదే షెల్‌ను పిలుస్తుంది, ఆ పిలుపులో వడపోత చాల్లేదు. ఎక్స్‌టెన్షన్ ద్వారా వాడినవాళ్లూ దెబ్బతినే స్థితిలోనే ఉన్నారు. పైగా పాడైన ఫైలు వల్ల లైబ్రరీ కూలితే పేజీలకు జవాబిచ్చే పీహెచ్‌పీ ప్రాసెస్ కూడా కూలుతుంది. విడి ప్రాసెస్ అయితే అది పోతుంది, మీకో ఎగ్జిట్ కోడ్ మిగులుతుంది. పరాయివాళ్ల ఫైళ్ల విషయంలో నేను విడి ప్రాసెస్ వైపే.

ఇక ఎంతసేపు పడుతుందన్న ప్రశ్న. స్క్రిప్టుకు గడువు పెట్టే మ్యాక్స్_ఎగ్జిక్యూషన్_టైమ్ సెట్టింగు కాపాడుతుందనుకుంటారు, కానీ లినక్సులో బయటి ప్రోగ్రామ్ తినే సమయం దాని లెక్కలోకి రాదు. వెబ్ సర్వర్ ఎన్‌జింక్స్ అయితే, డిఫాల్టుగా 60 సెకన్లు జవాబు రాకపోతే 504 (గడువు దాటింది) ఎర్రర్ చూపిస్తుంది, వెనకాల ప్రోగ్రామ్ మాత్రం నడుస్తూనే ఉంటుంది. విసిగిన యూజర్ రిఫ్రెష్ కొడితే ఇంకొకటి మొదలవుతుంది. యూజర్ లాగిన్ వివరాలుంచే సెషన్ ఫైలు మీద స్క్రిప్టు లాక్ వదలకపోతే అదే యూజర్ మిగతా పేజీలూ తెరుచుకోవు.

కమాండ్ చివర యాంపర్సండ్ పెట్టి వెనక్కి తోసేయడం ఒక మధ్యేమార్గం. అవుట్‌పుట్‌ను ఫైలుకో, రాసిందంతా పారేసే డెవ్‌నల్‌కో మళ్లించకపోతే అప్పుడూ స్క్రిప్టు ఆగే ఉంటుంది. మళ్లించినా, పని ఏమైందో చెప్పేవాళ్లు ఉండరు, ఒకేసారి ఎన్ని నడవాలో అదుపూ ఉండదు. రెండు మూడు సెకన్లు దాటే ఏ పనికైనా క్యూయే సరైనది: స్క్రిప్టు టేబుల్లో ఒక వరుస రాసి 'పని జరుగుతోంది' అని జవాబిస్తుంది, వర్కర్ అనే విడి స్క్రిప్టు (లినక్సులో సర్వీసులు నడిపే సిస్టమ్‌డీ దాన్ని కనిపెట్టుకుని ఉంటుంది) ఆ వరుసను తీసుకుని ప్రాక్_ఓపెన్‌తో నడుపుతుంది. కమాండ్ ముందు లినక్సు టైమౌట్ కమాండ్ పెడితే గడువు దాటినప్పుడు 124 వస్తుంది, దాన్ని అదే వరుసలో రాసుకోవచ్చు. ఒక వర్కర్ పెడితే ఒకసారి ఒకటే నడుస్తుంది, నాలుగు పెడితే నాలుగు.

క్యూకు మారితే భద్రతలోనూ కలిసొస్తుంది. వర్కర్ కమాండ్‌లైన్ పీహెచ్‌పీతో నడుస్తుంది కనుక, వెబ్ వైపు పీహెచ్‌పీని నడిపే ఎఫ్‌పీఎం పూల్‌లో డిజేబుల్_ఫంక్షన్స్ సెట్టింగు కింద షెల్_ఎగ్జెక్, ఎగ్జెక్, సిస్టమ్, పాస్‌త్రూ, పీఓపెన్, ప్రాక్_ఓపెన్ అన్నిటినీ ఆపేయొచ్చు. దాన్ని తప్పించుకునే ఎత్తులు లేకపోలేదు గానీ, అప్‌లోడ్ ఫారంలోంచి దొంగ స్క్రిప్టు ఎక్కించినవాడికి మొదట దొరికే ఆయుధాలు ఇవే.