జేపీఎల్ చిన్న ఖగోళ వస్తువుల డేటాబేస్: సిల్వియా వివరాలతో ఒక పరిశీలన

నాసాకు చెందిన జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీ ఉచితంగా నడుపుతున్న ఈ వెబ్ సేవలో ఏ గ్రహశకలాన్నైనా పేరుతోనో సంఖ్యతోనో వెతకవచ్చు. దీని పనితీరును చూడడానికి నేను 87 సిల్వియాను ఎంచుకున్నాను. మన కోస్తా జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న కాలంలో, 1866 మే 16న, నుంగంబాకంలోని మద్రాసు అబ్జర్వేటరీ నుంచి ఖగోళ శాస్త్రవేత్త నార్మన్ పాగ్సన్ కనుగొన్న గ్రహశకలం ఇది.

సూర్యుడి నుంచి సగటున 3.48 ఖగోళ ప్రమాణాల (ఒక ప్రమాణం అంటే భూమికీ సూర్యుడికీ మధ్య సగటు దూరం) దూరంలో, అంగారక, గురు గ్రహాల మధ్య గ్రహశకలాలు గుమిగూడిన ప్రధాన మేఖల వెలుపలి అంచున ఉండే సిల్వియా సుమారు ఆరున్నరేళ్లకు ఒక ప్రదక్షిణ పూర్తిచేస్తుంది, 5.18 గంటలకు ఒకసారి తన చుట్టూ తాను తిరుగుతుంది. ఈ సేవలో నాకు అన్నిటికన్నా నచ్చిన గుణం, ప్రతి కక్ష్యా విలువ పక్కనే దాని అనిశ్చితిని కూడా ముద్రించడం. కక్ష్య ఎంత కచ్చితంగా తెలుసో 0 నుంచి 9 వరకు ఒక కోడ్ చెబుతుంది. సున్నా అంటే అత్యుత్తమం. అంకెను ఎంతవరకు నమ్మవచ్చో చెప్పే ఈ నిజాయితీ విద్యార్థులకు గొప్ప పాఠం.

సిల్వియా వ్యాసం (అడ్డుకొలత) విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. అది గుండ్రంగా కాక బాగా సాగిన ఆకారంలో ఉంటుంది కనుక, పేజీలో కనిపించే 250 కిలోమీటర్లకు పైబడిన ఒక్క సంఖ్యను సగటుగానే తీసుకోవాలి.

అంకెల వెనుక ఉన్న అర్థాన్ని పాఠకుడే వేరేచోట వెతుక్కోవాల్సి రావడం నా దృష్టిలో పెద్ద లోటు. ఉదాహరణకు, 2001లో రోములస్, 2004లో రీమస్ అనే ఉపగ్రహాలు బయటపడడంతో, రెండు చందమామలున్నట్టు తెలిసిన తొలి గ్రహశకలంగా సిల్వియా నిలిచింది. వాటి గమనాన్ని బట్టి లెక్కకట్టిన సాంద్రత నీటికన్నా కొంచెమే ఎక్కువగా తేలడం వల్ల, ఇది లోపల ఖాళీలున్న రాళ్ల కుప్ప కావచ్చునని శాస్త్రవేత్తలు భావించారు. ఇంత ఆసక్తికరమైన వాదనకు నాలుగు వాక్యాల వివరణ జోడించి ఉంటే బాగుండేది. పేజీ అంతా ఇంగ్లిషులోనే ఉండడం మన హైస్కూలు పిల్లలకు మరో అడ్డంకి.

కక్ష్యా చిత్రంలో తేదీని ముందుకూ వెనక్కూ జరపవచ్చు. టెలిస్కోపు ఉన్నవారు అదే సంస్థ నడిపే హొరైజన్స్ సేవలో తమ ఊరి అక్షాంశ రేఖాంశాలు ఇచ్చి, సిల్వియా ఏ రాత్రి ఆకాశంలో ఎక్కడ ఉంటుందో ముందుగా తెలుసుకోవచ్చు.