మూడు కాయిల్స్, ఒక కూనిరాగం: స్క్వైర్ క్లాసిక్ వైబ్ సిక్స్‌టీస్ స్ట్రాటోకాస్టర్‌తో ఎనిమిది నెలలు

గిటార్ కొన్న మొదటి వారం. షాపులో బల్ల మీద పదిహేను వాట్ల ఆంప్ (గిటార్ సౌండ్ పెంచే పెట్టె) పెట్టి వైరు గుచ్చాను, ఇంకా తీగ మీటలేదు. చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్ మోటార్ పట్టుకెళ్దామని వచ్చిన రొయ్యల రైతు ఒకాయన గుమ్మంలోనే ఆగి, చెవి రిక్కించి విన్నాడు. "ఏవండీ, లోపల ఏదో మోటార్ కరెంట్ తీసుకుంటోంది గానీ తిరగట్లేదండి. కాలిపోద్ది, ఆపెయ్యండి" అన్నాడు.

నవ్వాను గానీ ఆయన అన్నదాంట్లో సగం నిజమే. ఆ 'మ్మ్' అనే మూలుగు రాగి తీగ చుట్టలోంచే వస్తోంది. నేను పాలకొల్లులో మోటార్ వైండింగ్ షాపు పెట్టి 22 ఏళ్లయింది. పగలు మోటార్లు చుడతాను, పెళ్లిళ్ల సీజన్‌లో, చవితి పందిళ్లలో, దసరాకి ఆర్కెస్ట్రాలో గిటార్ వాయిస్తాను. స్టూడియో గడప తొక్కినవాణ్ణి కాదు. కాబట్టి ఇది మైకు సెట్టు, జనరేటరు, ఉప్పుగాలి మధ్య గిటార్ వాయించే మనిషి రాస్తున్న సంగతి.

ముందు వస్తువేమిటో చెబుతాను. స్ట్రాటోకాస్టర్ అనే గిటార్ ఫెండర్ కంపెనీ 1954లో తెచ్చింది. ఆ కంపెనీ పెట్టిన లియో ఫెండర్ అమెరికాలో రేడియో రిపేరు షాపు నడిపినవాడు, తనకి గిటార్ వాయించడం రాదు. నాకు ఆయన మీద గౌరవం అక్కడే మొదలైంది. స్క్వైర్ అనేది ఫెండర్ వాళ్ల చవక బ్రాండు. అందులో క్లాసిక్ వైబ్ అనే వరస 2008లో మొదలైంది, పాత గిటార్ల రూపాన్నీ పనితనాన్నీ తక్కువ ధరలో ఇవ్వాలన్నది ఉద్దేశం. నాది అరవైల నాటి తరహా: మేపుల్ మెడ, దాని మీద ముదురు రంగు ఇండియన్ లారెల్ పలక, పలక మీద అడ్డంగా 21 లోహపు మెట్లు (ఫ్రెట్లు), తీగ కదలికని కరెంట్‌గా మార్చే మూడు సింగిల్ కాయిల్ పికప్‌లు, ఆరు స్క్రూల మీద ఊగే ట్రెమొలో, అంటే తీగలు ఆనే బ్రిడ్జిని కర్రతో ఊపి స్వరాన్ని వణికించే ఏర్పాటు. రంగు సన్‌బర్స్ట్. మధ్యలో తేనె రంగు, అంచులకి వచ్చేసరికి కాలిన బెల్లం. బిల్లు ₹44 వేలు దాటింది. ఇంట్లో చెప్పింది ₹30 వేలు.

కొన్నది విజయవాడలో ఒక షాపులో. పేరెందుకులెండి. "సెటప్ చేసే ఇస్తాం" అన్నారు. ఇంటికొచ్చి చూస్తే తీగలకి అప్పటికే తుప్పు మరకలు, పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగ కింద నా వేలు దూరేంత ఎత్తు. ఫోన్ చేస్తే "కొత్తలో అలాగే ఉంటుంది సార్, వాయిస్తే సెట్ అవుతుంది" అన్నారు. గిటారేమన్నా తోలు చెప్పులా? అలెన్ కీ, ఫీలర్ గేజీ నా దగ్గర ఎలాగూ ఉన్నాయి. మెడ వంపు సరిచేసే లోపలి కడ్డీ (ట్రస్ రాడ్) పావు తిప్పు బిగించి, బ్రిడ్జి మీద దిమ్మలు దించి, శ్రుతి సరిచూసుకునేసరికి ఒక ఆదివారం పోయింది. ఆ పని చేశాక గాని అసలు గిటార్ నా చేతికి రాలేదు. మీరు కొన్నా ఈ పని తెలిసినవాడి చేత చేయించండి, వెయ్యో రెండువేలో తీసుకుంటాడు.

ఇక కాయిల్స్ దగ్గరికొద్దాం, నాకు నోరూరేది ఇక్కడే.

పికప్ అంటే అల్నికో అనే మిశ్రమ లోహంతో చేసిన ఆరు అయస్కాంతపు కడ్డీలు, వాటి చుట్టూ వెంట్రుక కన్నా సన్నని ఎనామిల్ రాగి తీగ. పాత స్ట్రాట్ కాయిల్‌కి దాదాపు 8 వేల చుట్లు ఉండేవి. నేను మోటార్ స్లాట్లలో వేసే చుట్లు ఎంత లెక్కేసినా వందల్లో తేలతాయి. మోటార్ కాయిల్‌కి మీటర్ పెడితే నాలుగైదు ఓములు చూపిస్తే గొప్ప, పాత తరహా పికప్ 6 వేల ఓముల దరిదాపుల్లో ఉంటుంది. మోటార్‌కి మనం కరెంట్ ఇస్తే అది తిరుగుతుంది. ఇక్కడ తిరగేసిన లెక్క, సైకిల్ డైనమో లెక్క: అయస్కాంతం ముందు ఇనుప తీగ కదిలితే కాయిల్‌లో వోల్టేజీ పుడుతుంది. అంత సన్నని తీగ అన్ని చుట్లు ఉన్నప్పుడు గిటార్ తీగ ఒక్కదాన్నే వింటుందా? పక్కనున్న ట్రాన్స్‌ఫార్మర్‌ని వింటుంది, ట్యూబ్‌లైటు చోక్‌ని వింటుంది, నా బల్ల మీద టెస్టింగ్‌లో ఉన్న మోటార్‌నీ వింటుంది. మన కరెంట్ 50 సైకిల్స్ కాబట్టి ఆ మూలుగు కూడా 50 దగ్గరా, 100 దగ్గరా ఉంటుంది.

దీనికి మందు లేదా అంటే ఉంది. రెండు కాయిల్స్‌ని ఒకదానికొకటి ఎదురుగా కలిపితే మూలుగు కొట్టుకుపోతుంది. గిబ్సన్ కంపెనీలో సెత్ లవర్ అనే ఇంజనీర్ 1955లో ఆ పని చేశాడు, దాన్నే హంబకర్ అంటారు. కానీ మూలుగుతో పాటు తీగ పై పలుకు కూడా కొంత పోతుంది. ఇరవై ఏళ్లు హంబకర్ గిటారే వాయించాను. పాట మధ్యలో కీబోర్డు, ప్యాడ్లు, ఇద్దరు గాయకులు కలిసేసరికి నా గిటార్ పులుసులో కలిసిపోయిన చింతపండులా ఎక్కడుందో తెలిసేది కాదు. ఈ స్ట్రాట్ అలా కలవదు. వాల్యూమ్ తక్కువ పెట్టినా ప్రతి మీటూ విడిగా, తడి ఆరిన గాజు గ్లాసు మీద గోరు తగిలినట్టు వినిపిస్తుంది.

మెడ దగ్గరి పికప్ గుండ్రంగా మోగుతుంది. కొంచెం బావిలోంచి పలికినట్టుంటుంది గానీ మొద్దు కాదు. మెలొడీ పాటల ఇంటర్లూడ్‌లు దీంతో వాయిస్తుంటే చాలాసేపు వేరే ఏదీ తాకబుద్ధి కాదు. మధ్యది నేను విడిగా వాడింది తక్కువ, రిథమ్‌కి పనికొస్తుంది, అంతే. అసలు మజా పికప్ మార్చే స్విచ్చి రెండో స్థానం, నాలుగో స్థానం. మొదట్లో ఈ గిటార్లకి మూడు స్థానాల స్విచ్చే ఉండేది, వాయించేవాళ్లు దాన్ని మధ్యలో ఇరికించి రెండేసి పికప్‌లు కలిపేవారు. ఫెండర్ అయిదు స్థానాల స్విచ్చి ఇచ్చింది 1977లో. ఈ గిటార్‌కి అయిదూ ఉన్నాయి, కాబట్టి అక్కడ అరవైల పట్టింపు పెట్టుకోకపోవడమే మేలైంది. బ్రిడ్జి, మధ్య పికప్‌లు కలిపిన రెండో స్థానం ధ్వనిని తెల్లవాళ్లు బాతు అరుపుతో పోలుస్తారు. మా వైపు కోతలయ్యాక పొలాల్లో దిగే బాతుల మందల్ని చిన్నప్పట్నుంచీ విన్నవాణ్ణి, నాకా పోలిక ఒప్పదు. ముక్కుతో పాడే మంచి గాయకుడి గొంతులా ఉంటుంది, అంతే.

బ్రిడ్జి పికప్ మాత్రం తంటా. పాత పద్ధతి ప్రకారం దీనికి టోన్ నాబ్ లేదు. ఒక టోన్ మెడ పికప్‌కి, రెండోది మధ్యదానికి. ఇంట్లో ఆంప్ మీద పర్వాలేదు. మొన్న సంక్రాంతికి జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్లేవాళ్ల దారిలో ఒక ఊళ్లో ప్రోగ్రామ్ పెట్టారు. మైకు సెట్టాయన హార్న్‌లు కట్టాడు. బ్రిడ్జి మీద సోలో ఎత్తుకోగానే ముందు వరసలో పిల్లలు చెవులు మూసుకున్నారు. స్టీలు పళ్లెం మీద గరిటె గీకినట్టు. మర్నాడే గిటార్ ముందున్న ప్లాస్టిక్ రేకు (స్క్రాచ్ ప్లేట్) విప్పి, స్విచ్చి మీద బ్రిడ్జి టోన్ కాలికీ మధ్య పికప్ టోన్ కాలికీ కలిపి చిన్న వైరు ముక్క సోల్డర్ చేశాను. పది నిమిషాల పని, ఇప్పుడు రెండో టోన్ నాబ్ రెండిటికీ పనిచేస్తుంది. ఈ గిటార్‌కి నేను చేసిన మార్పుల్లో దీనంత విలువైనది లేదు. వారంటీ గురించి పట్టింపున్నవాళ్లు ముందు అడిగి చేయించుకోండి.

ఒక్క జాగ్రత్త కూడా చెప్పాలి. పికప్‌ల్ని తీగలకి మరీ దగ్గరగా ఎత్తితే సౌండ్ పెరుగుతుందని చాలామంది ఎత్తేస్తారు. ఆ అయస్కాంతం లావు తీగని తనవైపు లాగి పట్టుకుంటుంది, పై ఫ్రెట్లలో ఒకే స్వరం రెండు స్వరాల్లా వణుకుతుంది. నాక్కూడా అలాగే అయ్యి ట్యూనర్‌ని తిట్టుకున్నాను. మెడ పికప్ రెండు మిల్లీమీటర్లు దించితే పోయింది.

మెడ గురించి. అసలైన అరవైల గిటార్ల పలక బాగా గుండ్రం, 7.25 అంగుళాల రేడియస్. దాని మీద తీగ లాగితే పైన ఎక్కడో పట్టేస్తుంది. దీనికి 9.5 పెట్టారు, చదును కొంచెం ఎక్కువ. మనవాళ్లకి ఇది ముఖ్యం, ఎందుకంటే మనం తీగ లాగకుండా పాట వాయించలేం. పాలకొల్లువాణ్ణి కాబట్టి ఈ మాట దగ్గర ఆగాలి. మాండొలిన్ శ్రీనివాస్ పుట్టింది ఈ ఊళ్లోనే, 1969లో. ఎనిమిది తీగల మాండొలిన్‌ని అయిదు తీగల ఎలక్ట్రిక్ వాయిద్యంగా మార్చుకుని దాని మీద కర్ణాటక సంగీతం పలికించినాయన. ఫ్రెట్లున్న చిన్న వాయిద్యం మీద గమకం పలుకుతుందా అన్న ప్రశ్నకి మా ఊరి జవాబు అది. నా వేళ్లకి ఆయన గోటి మురికంత విద్య కూడా లేదు గానీ, ఈ గిటార్ మీద జారు హాయిగా వస్తుంది. స్వరం నుంచి స్వరానికి లాగడం, ఒకటిన్నర స్వరం దాకా పట్టేయకుండా వెళ్తోంది. తీగ పొడవు 25.5 అంగుళాలు కాబట్టి బిగువు కాస్త ఎక్కువ. మొదటి నెల వేళ్ల చివర్లు మండుతాయి.

21 ఫ్రెట్లే ఉండటం వల్ల సన్న తీగ చివర సీ షార్ప్ దగ్గర ఆగిపోతుంది. మా కీబోర్డు కుర్రాడు పైన డీ దాకా వెళ్లే ముక్క ఇస్తే, చివరి ఫ్రెట్ మీద తీగ లాగి అందుకోవాలి. "బాబాయ్, కొత్త గిటార్ కొని ఒక మెట్టు తక్కువ తెచ్చుకున్నావేంటి" అని ఏడిపిస్తాడు.

ట్రెమొలో కర్రతో ఊపితే శ్రుతి నిలవదని చాలామంది అంటారు. నాకు మొదట్లో నిలవలేదు. మెడ చివర తీగలు ఆనే నట్ గాడుల్లో పెన్సిల్ ముల్లుతో గ్రాఫైట్ రుద్దాక చాలా నయం. అయినా స్టేజీ మీద తీగ తెగితే మిగతా అయిదూ శ్రుతి తప్పుతాయి, తేలే బ్రిడ్జి స్వభావమే అంత. అందుకని వెనకాల స్ప్రింగులు అయిదు వేసి, బ్రిడ్జిని చెక్కకి ఆనేలా బిగించేశాను. కర్ర డ్రాయరులో ఉంది.

మన వాతావరణం సంగతి ఎవరూ రాయరు కాబట్టి నేను రాస్తాను. ఇక్కణ్ణుంచి సముద్రం ఎంతో దూరం లేదు. తీగలు మూడు వారాలకే నల్లబడతాయి, వాయించిన ప్రతిసారీ పొడి గుడ్డతో తుడవాల్సిందే. నికెల్ పూత బ్రిడ్జి దిమ్మల మీద, నా అరచెయ్యి ఆనేచోట, అప్పుడే మసకబారింది. మెడ వెనక మెరిసే పాలిష్ ఏప్రిల్ చెమటకి జిగటగా బొటనవేలిని పట్టుకుంది. రెండు వేల నంబర్ వాటర్ పేపర్‌తో మెరుపు తీసేశాక సుఖంగా ఉంది. స్టీల్ ఊల్ మాత్రం వాడకండి, ఆ ఇనప పొడి అంతా వెళ్లి పికప్ అయస్కాంతాలకి అంటుకుంటుంది. లారెల్ పలక ఎండినట్టు కనిపిస్తే మా ఆవిడ కొబ్బరినూనె రాయమంది. ఈ ప్రాంతంలో ఆ సలహా రాకపోతేనే వింత. రాయకండి, నెలకి కంపు కొడుతుంది. గిటార్ షాపుల్లో అమ్మే నూనె ఆరునెలలకి నాలుగు చుక్కలు చాలు.

మళ్లీ మూలుగు దగ్గరికి. స్టేజీ మీద రెండు రకాల గోల ఉంటుంది. ఒకటి జర్రుమనే గోల, సీరియల్ సెట్ లైట్ల డిమ్మర్ల నుంచి వచ్చేది. గిటార్ లోపల గుంతలకి రాగి రేకు అతికించి ఎర్త్‌కి కలిపితే అది బాగా తగ్గింది. రెండోది 'మ్మ్' అనే మూలుగు, దీనికి రేకు పనిచేయదు. అయస్కాంత క్షేత్రాన్ని పల్చటి రాగి ఆపలేదు. దానికి నేను చేసేది ఒకటే: గిటార్ పట్టుకుని నిలబడ్డచోటే మెల్లగా తిరగడం. ఏదో ఒక దిక్కుకి కాయిల్ అడ్డం తిరిగేసరికి మూలుగు సగానికి పడిపోతుంది. ఆ దిక్కు చూసుకుని స్టూలు వేసుకుంటాను. "బాబాయ్ వాస్తు చూసుకుంటున్నాడు" అని మావాళ్ల వెక్కిరింపు. తీగలు ముట్టుకోగానే గోల తగ్గి, వదలగానే పెరిగితే భయపడకండి, తీగలు ఎర్త్‌కి కలిపి ఉంటాయి. భయపడాల్సింది జనరేటర్ మీద నడిచే పందిరికి సరైన ఎర్త్ లేనప్పుడు. చెయ్యి తీగల మీద, పెదవి మైకుకి తగిలితే కొట్టే షాక్ నేను తిన్నాను. ఇప్పుడు టెస్టర్ జేబులో లేకుండా స్టేజీ ఎక్కను.

చర్చిలో కీర్తనలు వాయించే కుర్రాళ్లకీ, మెలొడీ ఆర్కెస్ట్రా వాళ్లకీ ఇది చెప్పొచ్చు. ఎప్పుడూ డిస్టార్షన్ (సౌండ్‌ని గరుకుగా చీల్చే ఎఫెక్ట్) ఫుల్లుగా పెట్టి వాయించేవాళ్లు హంబకర్ గిటారే కొనుక్కోండి, దీంతో మూలుగు మీ పాట కన్నా గట్టిగా వినిపిస్తుంది. మొదటి గిటార్‌గా కొంటారా అంటే, సెటప్ చేసే మనిషి దగ్గర్లో ఉంటేనే.

నర్సాపురం వైపు చర్చి కుర్రాళ్లు క్రిస్మస్ ముందురోజు రాత్రికి దీన్ని అడిగారు. ఇస్తానన్నాను. కేసులో ఒక సెట్టు తీగలు, టెస్టరు, పాత బనియన్ గుడ్డ పెట్టి పంపుతాను. గుడ్డ వాడారో లేదో బ్రిడ్జి చూస్తే నాకు తెలిసిపోతుంది.