మాండూస్ ముసురులో గండికోట: టెంటా, లాడ్జా?

2022 డిసెంబరు 9, శుక్రవారం. మాండూస్ తుపాను ఆ రాత్రే మహాబలిపురం దగ్గర తీరం దాటుతుందని టీవీలో పొద్దుటి నుంచీ మొత్తుకుంటూనే ఉన్నారు. మాది అనంతపురం, మోడం పడితే సంబరపడే ఊరు, ఎక్కడో సముద్రం ఒడ్డున తుపానొస్తే మనకేమవుతుందిలే అనుకుని ఇద్దరు పిల్లల్ని, బావమరిదిని కారెక్కించుకుని తాడిపత్రి మీదుగా పెన్న లోయ అంచునున్న గండికోటకు బయల్దేరాను. మా ఆవిడ రానంది. తెలివైనది.

రెండు టెంట్లకు ఫోన్‌లోనే డబ్బు కట్టేశాం. ఫోటోలో లోయ అంచునే ఉన్నట్టు చూపించారు, తీరా చూస్తే రోడ్డు పక్క చేను. "గాలొస్తే ఎట్లన్నా?" అంటే "ఏం కాదులేన్నా, మేకులు గట్టిగా కొట్టినాం" అన్నాడు అక్కడి అతను. రాత్రి ఒంటిగంటకు ఆ మేకులే లేచిపోయాయి. పెద్ద వానేం కాదు, సన్నటి ముసురే, కానీ ఆ ఈదురుగాలికి తడిగుడ్డ మొహాన కొడుతుంటే పిల్లలు ఏడుపు, చివరికి నలుగురం తెల్లారేదాకా కార్లోనే ముడుచుకున్నాం. పొద్దున సగం డబ్బన్నా ఇమ్మంటే "వానకు మేమేం చేస్తామన్నా" అన్నాడు. అదీ నిజమే, కానీ ముందురోజే ఫోన్ చేసి రావద్దని చెప్పొచ్చుగా! కారు బురదలో దిగబడితే ట్రాక్టరుతో లాగిన రైతు మాత్రం ఇచ్చిన డబ్బు కూడా తీసుకోలేదు.

లోయలో పెన్న కనబడితే ఒట్టు, అంతా మంచే. అంచున కంచె లేదు, తడిసిన బండలు జారుతున్నాయి, పిల్లల చేయి వదిలితే అంతే. వాన పెరిగేసరికి కోటలోని పాత ధాన్యాగారంలోకి పరిగెత్తాం. మందపు రాతిగోడలు, ఎత్తైన వంపు కప్పు, లోపల గాలి చప్పుడే లేదు. ఆ కాలంలో గింజలకున్న వసతి రాత్రి మాకు లేకపోయె.

పదిహేను కిలోమీటర్ల దూరంలో జమ్మలమడుగు. మామూలు లాడ్జి, గోడలకు చెమ్మ, అయినా బకెట్ వేడినీళ్ళు అడగ్గానే తెచ్చారు, నాకదే చాలు. టిఫిన్ హోటల్లో ఎర్రకారం దోశ తింటుంటే పక్క బల్ల మీద ఒకటే మాట, ఈ ముసురు ఇంకో రెండు రోజులుంటే శనగకు తెగులేనని. మేం టెంటు డబ్బు గురించి గొణగడం ఆపేశాం.

అక్కడి నుంచి బెలూం గుహలు. ముసురు రోజుకు ఇంతకన్నా మంచి చోటు లేదు. మూడు కిలోమీటర్లకు పైగా పొడవైన గుహలో సగం దాకా చూడనిస్తారు. లోపలి నీటిపాయ, పాతాళగంగ, దాదాపు 46 మీటర్ల లోతున ఉంటుంది. లోపల ఎంత ఉక్కంటే స్వెటర్లు విప్పి నడుముకు కట్టుకున్నాం. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు మెట్లు చూసుకుని దిగండి.

తిరుగుదారిలో తాడిపత్రి బుగ్గ రామలింగేశ్వరుడి గుడి దగ్గర ఆపాను. లింగం దగ్గర ఎప్పుడూ నీళ్ళూరుతుంటాయిరా అని చెబితే, "ఇంక నీళ్ళొద్దు నాన్నా" అని మా చిన్నోడు కారు దిగలేదు.