ఎనిమిది నెలలుగా మా వంటింట్లో మీల్ మేకర్

మా ఇంట్లో వారానికి ఐదు రోజులు మాంసం ఉడికేది. కిందటి ఏడాది రక్తపరీక్షలో నా ఎల్‌డీఎల్, అంటే చెడు కొలెస్ట్రాల్, 168 అని ఎక్కువగా వచ్చింది. డాక్టరు గారు కాగితం పక్కన పెట్టి, రోజూ ఏమి తింటున్నానో వివరంగా అడిగారు. మాంసం పూర్తిగా మానమనలేదు. రెండు రోజులకు తగ్గించి, మూడు నెలల తర్వాత మళ్లీ పరీక్ష చేయించమన్నారు. ఖాళీ అయిన ఆ మూడు రోజుల్లోకి ఏమి తేవాలా అని వెతుకుతుంటే మా ఇంటికి వచ్చింది మీల్ మేకర్, అంటే ఎండిన సోయా ముక్కలు. మసాలా ఏదీ కలపని మామూలు ప్యాకెట్టు గురించే ఇక్కడ చెబుతున్నాను.

మొదటి రోజు వంట పాడైంది. గోరువెచ్చని నీళ్లలో ఐదు నిమిషాలు నానబెట్టి, నేరుగా పులుసులో వేశాను. పచ్చి చిక్కుడు గింజల వాసన ఇల్లంతా పరుచుకుంది. "ఏమండీ, ఇది నమిలే కొద్దీ నీళ్లు ఊరుతున్నాయి" అని మా ఆవిడ రెండు ముద్దలతో ఆపేసింది. తప్పు సరుకుది కాదని తర్వాత తెలిసింది. సోయా గింజల నుంచి నూనె తీసేశాక మిగిలిన పిండికి నీరు కలిపి, బాగా వేడి చేసి, గట్టి ఒత్తిడితో సన్నని రంధ్రం గుండా బయటికి తోస్తారు. బయటపడగానే ఒత్తిడి ఒక్కసారిగా తగ్గి, లోపలి నీరు ఆవిరై, పిండి పొంగుతుంది. అందుకే ముక్కను విరిచి చూస్తే లోపలంతా తేనెపట్టులా గదులుంటాయి. ఆ గదులు మొదట ఏది దొరికితే దాన్ని తాగుతాయి. ఉత్త నీళ్లతో నిండిన ముక్కలోకి ఇక పులుసు ఎక్కడ దూరుతుంది?

ఇప్పుడు నేను చేసే పద్ధతి చెబుతాను. మరిగే నీళ్లలో ఉప్పు వేసి ముక్కలను పది నిమిషాలు ఉడికిస్తాను. ఆ నీళ్లు పారబోసి, చన్నీళ్లు పోసి, రెండు అరచేతుల మధ్య గట్టిగా పిండుతాను. రెండోసారి, మూడోసారి కూడా. పిండిన నీళ్లు తేటగా వచ్చేదాకా ఆపను. వాసన చాలావరకు ఆ నీళ్లతోనే పోతుంది. తర్వాత అల్లం, వెల్లుల్లి, మిరియాలు, నిమ్మరసం పట్టించి అరగంట వదిలేస్తాను. పులుసులో వేసే ముందు కొద్ది నూనెలో అంచులు ఎర్రబడేదాకా వేయించాలి. ఈ చివరి పని మానేస్తే ముక్క మెత్తగా, రుచీపచీ లేకుండా మిగులుతుంది. ఓపికగా చేస్తే రెండోసారి వడ్డించుకునే కూర అవుతుంది. మాంసం రుచి మాత్రం రాదు. రావాలని ఎదురుచూసినన్నాళ్లూ నాకు ఇది నచ్చలేదు. దీన్ని ఒక పప్పుధాన్యంగా చూడడం మొదలుపెట్టాక నచ్చింది.

ప్యాకెట్టు మీద ఒక మాట నాకు కోపం తెప్పించింది. మాంసం కంటే రెండింతల ప్రొటీన్ అని పెద్ద అక్షరాలతో వేశారు. 100 గ్రాముల ఎండు ముక్కల్లో సుమారు 50 గ్రాముల ప్రొటీన్ ఉన్న మాట నిజమే. కానీ ఎండు ముక్కలను ఎవరూ నమలరు. నానితే అవి మూడింతల దాకా బరువెక్కుతాయి. అప్పుడు 100 గ్రాములకు దక్కేది 17 గ్రాముల దగ్గర. ఎండు సరుకును తడి మాంసంతో పోల్చి గెలిచామనడం కొనేవాళ్లను తప్పుదోవ పట్టించడమే. ఆ గొప్ప చెప్పుకోకపోయినా ఇది మంచి ఆహారమే. మన శరీరం తయారు చేసుకోలేని తొమ్మిది అమైనో ఆమ్లాలూ (ప్రొటీన్‌కు ఇటుకల్లాంటివి) సోయాలో ఉన్నాయి. సంతృప్త కొవ్వు లేదనే చెప్పాలి. మాంసంలో అసలే ఉండని పీచు ఇందులో పుష్కలంగా ఉంది. మనిషికి 50 గ్రాముల ఎండు ముక్కలు తీసుకుంటే 25 గ్రాముల ప్రొటీన్ వస్తుంది. ఒక పూటకు అది చాలు.

మా అమ్మాయి మొదట్లో వీటిని ముట్టుకోలేదు. రుచి కోసం కాదు. "నాన్నా, సోయా పంట కోసమే కదా అడవులు నరికేస్తున్నారు? మాంసం తగ్గించి మనం చేస్తున్న మేలేమిటి?" అని అడిగింది. సమాధానం కోసం నేను నాలుగు రోజులు చదివాను. ప్రపంచంలో పండే సోయాలో దాదాపు నాలుగింట మూడు వంతులు పశువులకూ కోళ్లకూ దాణాగా పోతోంది. నూనె తీసిన తర్వాత మిగిలే పిండే ఆ దాణా. మన ముక్కలు తయారయ్యేది కూడా ఆ పిండితోనే. కోడి ఒక కిలో బరువు పెరగడానికి సుమారు రెండు కిలోల దాణా తింటుంది. ఆ కిలోలో ఈకలూ ఎముకలూ పోగా మనకు దక్కేది ఇంకా తక్కువ. అదే పిండి నేరుగా మన పళ్లెంలోకి వస్తే అంత పొలం అవసరం లేదు. అడవి మీద ఒత్తిడి తగ్గే దారి అదే.

2018లో జోసెఫ్ పూర్, థామస్ నెమెచెక్ అనే పరిశోధకులు 119 దేశాల్లోని దాదాపు 38,700 పొలాల లెక్కలు కలిపి సైన్స్ పత్రికలో ప్రచురించారు. 100 గ్రాముల ప్రొటీన్ కోసం మాంసానికే పెంచే ఆవులు, ఎద్దుల నుంచి సగటున 50 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన, భూమిని వేడెక్కించే వాయువులు వెలువడుతున్నాయి. గొర్రె మాంసానికి 20 కిలోలు, కోడికి 5.7, సోయాతో చేసే టోఫుకు 2. నెమరువేసే జంతువుల పొట్టలో పుట్టే మీథేన్ ఈ తేడాకు పెద్ద కారణం. ఈ అంకెలు చూశాక మా నిర్ణయం కొంచెం మారింది. ఏ మాంసమైనా ఒకటే అనుకుని తగ్గించేవాళ్లం. ఇప్పుడు ముందు ఎర్ర మాంసాన్ని తగ్గించాం. సాసేజీల వంటి నిల్వ మాంసాన్ని ఇంటికి తేవడమే మానేశాం. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా విభాగం 2015లోనే దాన్ని క్యాన్సర్ కారకాల జాబితాలో మొదటి వర్గంలో, అంటే మనుషుల్లో క్యాన్సర్ తెస్తాయని తగిన ఆధారాలున్న వాటిలో, చేర్చింది. రోజుకు 50 గ్రాములు తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు 18 శాతం పెరుగుతుందని వాళ్ల అంచనా. పిల్లల డబ్బాల్లో అది పెట్టి పంపిన రోజులు తలుచుకుంటే నాకు బాధగా ఉంటుంది.

మూడు నెలల తర్వాత నా ఎల్‌డీఎల్ 146. అదే సమయంలో సాయంత్రం నడక కూడా మొదలుపెట్టాను కాబట్టి ఘనతంతా ప్యాకెట్టుకు కట్టబెట్టలేను.

ఇబ్బందులూ ఉన్నాయి. మొదటి వారం కడుపు ఉబ్బరం బాగా బాధించింది. సోయాలోని కొన్ని చక్కెరలు చిన్నపేగులో అరగక పెద్దపేగుకు చేరి అక్కడ పులుస్తాయి. పరిమాణం సగానికి తగ్గించి, నెమ్మదిగా పెంచాక సర్దుకుంది. సోయా పడనివాళ్లు దీని జోలికే పోకూడదు. మా ఆవిడ థైరాయిడ్ మాత్ర వేసుకుంటుంది. సోయా ఆ మందును ఒంటికి సరిగా పట్టనివ్వదని డాక్టరు గారు చెప్పడంతో మాత్ర పొద్దున్నే, సోయా రాత్రి భోజనంలోకి మార్చాం. బి12 విటమిన్ సోయాలో సహజంగా ఉండదు. మాకు మిగిలిన రెండు రోజుల మాంసం, గుడ్లు ఉన్నాయి. పూర్తిగా మానేసేవాళ్లు మాత్రం దాన్ని విడిగా తీసుకోవాలి. మసాలా కలిపి అమ్మే ప్యాకెట్టు ఒకటి తెచ్చి చూశాను. ఉప్పు మరీ ఎక్కువ. మళ్లీ కొనలేదు.

మూడు పరిమాణాల్లో దొరుకుతున్నాయి. పెద్ద ముక్కలు ఎంత పిండినా నడుమ కొంత నీరు దాచుకుంటాయి. చిన్నవి నయం. నాకు అన్నిటికన్నా నచ్చింది రవ్వలా ఉండే రకం. ఐదు నిమిషాల్లో నానుతుంది, పలుచటి గుడ్డలో వేసి ఒక్కసారి పిండితే చాలు. ఖీమా వండుకునేవాళ్లు మొదట సగం ఖీమా, సగం ఈ రవ్వ కలిపి చూడండి. ఆదివారం మేము అలాగే వండుతున్నాం. మా అమ్మాయి ఇప్పుడు రవ్వ వంతు ఇంకొంచెం పెంచమంటోంది.