ఐఐఎస్సీ ఓపెన్ డే: మా డిప్లొమా పిల్లలతో ఒక శనివారం

హిందూపురం వైపు ఒక పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ చెప్తాను. ఈసారి ఫైనలియర్ పిల్లలు పద్నాలుగు మందిని బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ (ఐఐఎస్సీ) ఓపెన్ డేకి తీసుకెళ్లాను. ఏడాదికి ఒక్క రోజు, మామూలుగా ఫిబ్రవరిలోనో మార్చిలోనో ఒక శనివారం, అక్కడి డిపార్ట్‌మెంట్లు తలుపులు తెరిచి అందరినీ రమ్మంటాయి. టికెట్ లేదు. యశ్వంతపురంలో రైలు దిగి ఆటో ఎక్కండి. ‘టాటా ఇన్‌స్టిట్యూట్’ అని చెప్పండి. 1909లో పుట్టిన ఆ సంస్థకు ఊళ్లో ఇప్పటికీ అదే పేరు.

“సార్, డిప్లొమా వాళ్లను రానిస్తారా?” అని దారంతా అడుగుతూనే ఉన్నారు. గేటు దగ్గర ఏ కోర్సు అని ఎవరూ అడగలేదు.

నేరుగా హై వోల్టేజ్ ల్యాబ్‌కి వెళ్లాం. అక్కడ కృత్రిమంగా మెరుపు పుట్టించి చూపిస్తారు. చార్జ్‌ని దాచుకునే కెపాసిటర్లన్నిటినీ ప్యారలల్‌లో, అంటే పక్కపక్కనే కలిపి, చార్జ్ చేస్తారు. గోళాల మధ్య గ్యాపుల్లో స్పార్క్ దూకగానే అవన్నీ సిరీస్‌లోకి, అంటే ఒకదాని వెనక ఒకటిగా, వచ్చి, వోల్టేజీలు ఒకదానికొకటి కలుస్తాయి. ఈ మార్క్స్ సర్క్యూట్‌ని ఏటా బోర్డు మీద గీస్తూనే ఉన్నాను. గాలి సెంటీమీటరుకు దాదాపు 30 కిలోవోల్టుల దగ్గర బ్రేక్‌డౌన్ అవుతుందని, అంటే కరెంటుకు దారి ఇచ్చేస్తుందని, మా వాళ్లు పరీక్షలో రాశారు కూడా. కానీ ఆ చప్పుడికి పద్నాలుగు మందీ ఒకేసారి వెనక్కి జరగడం చూశాక, ఇన్నాళ్లూ నేను చెప్పింది సగం పాఠమే అనిపించింది.

డెమో అయ్యాక ఒక రీసెర్చ్ స్కాలర్, కరెంటు స్తంభంలోకి పోకుండా తీగను పట్టుకునే ఇన్సులేటర్ల గురించి పది నిమిషాలు మాట్లాడారు. తర్వాత ప్రశ్నలు. మా వాడొకడు, వాళ్ల నాన్న కరెంటు లైన్ పనులకు వెళ్తాడు, భయపడుతూనే చెయ్యెత్తాడు. ఇంగ్లిష్‌లో మొదలుపెట్టి ఆగిపోయాడు. “తమ్ముడూ, తెలుగులో అడుగు” అన్నారాయన, ఒంగోలు యాసలో. “ఎండాకాలంలో గమ్మునుండే ఇన్సులేటర్ మంచు కురిసే పొద్దుల్లో ఎందుకు చిటపటమంటుంది సార్?”

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఒక కాగితం తీసి బొమ్మ గీశారు. పొడిగా ఉన్న దుమ్ముతో పెద్ద ప్రమాదం లేదట. దాని మీద మంచు పడితే తడి పొర అవుతుంది, అందులోంచి సన్నగా కరెంటు పారుతుంది. ఆ వేడికి ఒకచోట పొర ఆరిపోతుంది. వోల్టేజీ దాదాపు అంతా ఆ ఆరిన పట్టీ మీదే పడి, అక్కడ చిన్న చిన్న ఆర్కులు (నిప్పు మెరుపులు) దూకుతాయి. మనకు వినిపించే చిటపట అదే. ఆర్కులు పెరిగి ఒకదానితో ఒకటి కలిస్తే ఫ్లాష్ఓవర్, అంటే కరెంటు ఇన్సులేటర్ మీదుగా దూకేయడం. దాంతో లైను ట్రిప్. ఇన్సులేటర్ డిస్కుల అడుగున మడతలు పెట్టేది కరెంటు పారే ఆ దారిని పొడవు చేయడానికే. గట్టి వాన పడితే దుమ్ము కడుక్కుపోయి మళ్లీ కొన్నాళ్లు నిశ్చింత. ఇదంతా ఓపిగ్గా చెప్పి, “మీ నాన్న దగ్గర ఈ చప్పుడు ఏ నెలల్లో ఎక్కువో కనుక్కుని రాసిపెట్టుకో” అన్నారు. ఆ కాగితం ఇప్పుడు వాడి రికార్డు పుస్తకంలో ఉంది.

క్యాంపస్ విజిట్ అంటే నాకు కావలసింది ఇదే. రెండేళ్ల కిందట ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీకి తీసుకెళ్తే ఏసీ హాల్లో ప్లేస్‌మెంట్ ప్యాకేజీల స్లైడ్లు చూపించి, బిస్కెట్లు ఇచ్చి పంపించారు. ల్యాబుకు తాళం. ఆ రోజు పిల్లల ముందు నాకు చాలా బాధేసింది.

ఏరోస్పేస్ విభాగం కూడా చూశాం. శ్రీహరికోట కేంద్రానికి 2002లో సతీష్ ధావన్ పేరు పెట్టారని మా వాళ్లకు తెలుసు. ఆయన ఇక్కడ పాఠాలు చెప్పి, సూపర్‌సోనిక్ విండ్ టన్నెల్ (శబ్దం కన్నా వేగంగా గాలిని వదిలి నమూనాలను పరీక్షించే సొరంగం) కట్టించి, ఈ సంస్థకే డైరెక్టరై, 1972లో ఇస్రో బాధ్యతలు తీసుకున్నారని మాత్రం తెలియదు.

మేం చేసిన తప్పు ఒకటుంది. భోజనాలయ్యాక అన్నీ చూసేయాలని పరుగెత్తాం. ఆ రెండు గంటల్లో చూసినదేదీ పిల్లలకు గుర్తులేదు. వెళ్లేవాళ్లు మూడు ల్యాబులు ముందే ఎంచుకోండి. జనం బాగా వస్తారు కాబట్టి మెరుపుల డెమోకి పొద్దున్నే వెళ్లండి. నీళ్ల సీసా, టోపీ తప్పనిసరి. ప్రతి పిల్లాడి చేతా రెండు ప్రశ్నలు తెలుగులోనే ముందు రాయించండి.

నా రేటింగ్ ఐదుకి ఐదు. వచ్చే ఏడాది సెకండియర్ వాళ్లను కూడా తీసుకెళ్తున్నాను.